పాపం ఎవరి వైపు చూస్తుంది?

చిన్నప్పుడు తూనీగలను పట్టి, తోకకు దారం కట్టి ఎగరేసేవాళ్ళం. అరుగు మీద కూర్చున్న నాయనమ్మ "పాపం రా, వదిలెయ్" అనేది. నువ్వు చేస్తున్నది పాపం అందా, ఆ తూనీగ పాపం అందా? ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. ఆ వాక్యాన్ని ఎటు తిప్పి చూసినా రెండూ సరిపోతున్నాయి.

దేవుణ్ణి పక్కన పెడితే పాపం అనే మాటకు అర్థం మిగులుతుందా అని ఎవరైనా అడిగినప్పుడల్లా నాకు ఆ తూనీగే గుర్తొస్తుంది. మొదటి పాపానికి కర్త ఉంటాడు. చేస్తాడు, మూటగట్టుకుంటాడు, ఒకనాటికి అది పండుతుంది. లెక్క రాసేవాడొకడు పైన ఉండాలి. రెండో పాపానికి కర్త లేడు, క్రియ లేదు, విభక్తి లేదు. "పాపం, పొద్దుటినుంచి ఏమీ తినలేదు" అన్నప్పుడు ఆ మాట బాధపడేవాడి వైపే చూస్తుంది. దానికి చిత్రగుప్తుడి చిట్టాతో పనిలేదు. నాస్తికుడూ రోజుకు పదిసార్లు అంటాడు.

ఈ జాలి పాపం 'పాప' అనే పసిబిడ్డ మాట నుంచి వచ్చిందని కొందరు ముచ్చటపడతారు. వినడానికి బాగుంది కానీ నిలవదు. పాప, పాపడు, పాపాయి మన ద్రావిడ మాటలు. పాపం సంస్కృతం నుంచి వచ్చింది. ఇరుగుపొరుగు భాషలూ ఈ రెండర్థాలనే మోస్తున్నాయి. కన్నడిగులు "అయ్యో పాప" అంటారు. తమిళంలో చేసినదానికీ జాలికీ ఒకటే మాట, పావం. మలయాళం మాత్రం రెంటినీ విడదీసింది: చేసినది పాపం, దీనుడూ అమాయకుడూ పావం. ఆ విడదీత చక్కగానే ఉన్నా, మనం చేయనందుకే నాకు సంతోషం.

మూలానికి వెళితే ఇంకో సంగతి. వేదకాలపు వచనంలో 'పాపీయాన్' అంటే చాలాచోట్ల ఎక్కువ పాపం చేసినవాడని కాదు, తోటివాళ్ళకంటే స్థితి దిగజారినవాడని. దాని ఎదురుమాట శ్రేయాన్. అంటే చెడు చేయడం, చెడు అనుభవించడం ఆ మాటలో మొదటినుంచీ పక్కపక్కనే ఉన్నాయి. జ్యోతిషంలో శనినీ కుజుణ్ణీ పాపగ్రహాలంటారు. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. కీడు తెస్తారన్నంతవరకే.

తప్పు అన్నాను కదా, అది వేరే జాతి మాట. గురి తప్పింది, దారి తప్పింది అంటాం. గ్రీకుల హమార్తియా అచ్చంగా ఇదే. హోమర్ కావ్యంలో విసిరిన ఈటె గురి తప్పితే ఆ క్రియే వాడతారు. అరిస్టాటిల్ విషాదనాటక నాయకుడి పొరపాటుకూ ఆ మాటే వాడాడు. అందులో దేవుడి ఊసు లేదు. తర్వాత క్రైస్తవ గ్రంథాల్లోకి వెళ్ళి బరువెక్కింది. తెలుగు బైబిలులో దాన్ని పాపమన్నారు. అక్షరాలా చూస్తే తప్పు అనాలి, కానీ ఆ మాట అంత బరువు మోయలేదని అనుకున్నారేమో. తప్పుకు ముందొక గురి ఉండాలి. నేరానికి చట్టం ఉండాలి. పాపానికి ఏముండాలి?

1934 జనవరి 15న బిహారులో భూకంపం వచ్చింది. వేలమంది పోయారు. కొద్దిరోజులకు తిరునల్వేలిలో గాంధీ మాట్లాడుతూ, అది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నారు. అంటరానితనాన్ని ఆయనంతగానే అసహ్యించుకున్న రవీంద్రనాథ ఠాగూర్ నొచ్చుకున్నారు. ప్రకృతి ఉత్పాతాన్ని నీతితో ముడిపెట్టడం అశాస్త్రీయమని రాశారు. గాంధీ ఆ అభ్యంతరాన్ని తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి జవాబు చెప్పుకున్నారు.

ఆ శిథిలాల కింద అంటరానివాళ్ళూ ఉండి ఉంటారు, పసివాళ్ళూ ఉండి ఉంటారు. వాళ్ళను తలచుకుని ఏ పాపం అనాలి? "ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నారో" అంటే మొదటి పాపం రెండోదాన్ని మింగేసినట్టే. కష్టపడుతున్నవాణ్ణే ముద్దాయిని చేసే ఈ మాట మన ఇళ్ళలో ఎంత మెత్తగా, ఎంత ప్రేమగా అంటారో తలచుకుంటే భయమేస్తుంది. ఇక్కడ నేను ఠాగూర్ పక్షమే.

అయినా గాంధీ ఎంచుకున్న ఆ ఒక్క మాటను వదులుకోలేను. అంటరానితనాన్ని రద్దుచేసిన 17వ అధికరణం అమల్లోకి వచ్చింది 1950లో, దాన్ని నేరంగా శిక్షించే కేంద్ర చట్టం వచ్చింది 1955లో. ఆచారం దృష్టిలో చూస్తే అది తప్పు కూడా కాదు, పాటించకపోవడమే తప్పు. నేరమూ తప్పూ రెండూ చేతికందనప్పుడు మిగిలిన మాట పాపం. కాదు, మతం దాన్ని కూడా ముందే లాక్కుంది. ముట్టుకుంటే పాపం, సముద్రం దాటితే పాపం, గ్రహణంవేళ తింటే పాపం అంది.

నిజమైన పాపాన్ని వీటినుంచి విడదీయడానికి నాకు తెలిసిన దారి నాయనమ్మ వాక్యమే. గ్రహణంవేళ అన్నం తింటే ఎవరిని చూసి "అయ్యో పాపం" అనాలి? ఎవరూ కనిపించరు. బావి దగ్గర కడవ పట్టుకుని, ఎవరైనా తోడిపోస్తారేమోనని దూరంగా నిలబడ్డ మనిషిని చూస్తే ఆ మాట దానంతటదే వస్తుంది. రెండో పాపం పలికిన చోట మొదటిదీ నిజమే. అది పలకని చోట మొదటిది ఆచారం మాత్రమే. ఈ కొలతకు గుడి అక్కర్లేదు.

ఇందులో ఒక చిక్కుందని తెలుసు. జాలికి తనదైన గర్వం ఉంటుంది, పాపమని పాతచీర ఇచ్చినవాళ్ళకు ఉన్నట్టు. సామెత మాత్రం ఆ చీర పుచ్చుకుని గోడచాటుకు పోయి మూరవేసి చూసుకున్నదాన్నే ఎత్తిపొడుస్తుంది. ఆమెకూ నిండుచీర కావాలనిపించడంలో తప్పేముంది?

ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో పనిమనిషికి విడిగా ఒక గ్లాసు ఉంటుంది. ఆమే కడుక్కుని, వంటింటి బయట గూట్లో ఆమే బోర్లిస్తుంది. ఎవరూ కేసు పెట్టరు. తప్పని ఆ ఇంట్లో ఎవరికీ తోచదు, టీ మాత్రం అందరికీ పెట్టినంతే చిక్కగా పెడతారు. ఆ గూటిని దాటి వచ్చేటప్పుడు నాకు ఇంకో మాట దొరకదు.