రక్తనాళపు కండరానికి పుట్టిళ్లు ఎన్ని?

మైలవరం చుట్టుపక్కల కొండల మీద కురిసిన వాన వాగులై దిగి బుడమేరవుతుంది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికి వచ్చేసరికి ఏ నీరు ఏ కొండదో చెప్పడం ఎవరి తరమూ కాదు. రక్తనాళాల గోడల్లోని నునుపు కండర కణాలను కూడా శాస్త్రవేత్తలు చాలాకాలం ఇలాగే చూశారు. కదురు ఆకారం, నడుమ ఒక్కటే కేంద్రకం, ఎక్కడున్నా ఒకే పోలిక. తీరా ఆరా తీస్తే, ఎక్కడ పుట్టిందీ ఈ కణాలు అంత తేలిగ్గా మరిచిపోవని తేలింది.

ఈ కండరాన్ని విడివిడి కణాలుగా తీసి చూపించినవాడు స్విస్ శాస్త్రజ్ఞుడు కోలికర్, 1840ల చివర్లో. కొద్ది కాలానికే పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ కుందేలు మెడలో ఒక నరం కోశాడు. ఆ పక్క చెవి వెచ్చబడింది. నరం పట్టు తప్పగానే నాళాల కండరం సడలి, రక్తం ఎక్కువగా పారింది. అంటే రెగ్యులేటర్ తలుపులెత్తేది, దించేది ఈ కండరమే. సన్న నాళం వ్యాసార్ధం సగానికి తగ్గితే, అదే ఒత్తిడికి ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది.

కండరం బిగియాలంటే కణంలో కాల్షియం పెరగాలి. ఆ దారికి అడ్డుపడేదే బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్ర. ఇంధనం మాత్రం అన్ని కణాలకూ ఒకటే, ఏటీపీ. 1929లో దాన్ని కండరంలో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

మరి తేడా ఎక్కడుంది?

దారి చూపింది కౌజు పిట్ట. దాని కణకేంద్రకాన్ని మైక్రోస్కోపు కింద కోడి కణాల నుంచి ఇట్టే వేరుగా గుర్తుపట్టవచ్చు. ఫ్రాన్స్‌లో నికోల్ లె దువారె 1969లో ఈ సంగతి పసిగట్టి, కౌజు పిండంలోని ముక్కను కోడి పిండంలో అతికించి ఎదగనిచ్చే పద్ధతి తెచ్చారు. 1975లో ఆమె బృందం గుండె దగ్గరి పెద్ద ధమనుల గోడలు చూస్తే, అక్కడి కండరం న్యూరల్ క్రెస్ట్ నుంచి వలస వచ్చినదని బయటపడింది. నరాలు పుట్టే చోటే నాళాల కండరమూ పుట్టిందన్నమాట!

తర్వాతి పరిశోధనలు మిగతా పుట్టిళ్లనూ వెతికిపట్టాయి. ఛాతీలో కిందికి దిగే బృహద్ధమని కండరం వెన్ను పక్కన వరసగా ఏర్పడే సోమైట్లది. గుండెకే రక్తమిచ్చే కరోనరీ ధమనులది గుండె పైపొర. బృహద్ధమని ఒక్కటే గొట్టంలా కనిపిస్తుంది గానీ, దాని గోడలో వేర్వేరు కుదుళ్ల కణాలు పక్కపక్కనే కాపురం ఉంటాయి.

కుదురు మారితే గుణమూ మారుతుంది. 1996లో కోడి పిండాలపై చేసిన పరిశోధనలో టీజీఎఫ్-బీటా అనే ఒకే రసాయన సంకేతానికి న్యూరల్ క్రెస్ట్ కణాలు పెరిగాయి, మిగతావి పెరుగుదల తగ్గించాయి. ఉన్న చోటును బట్టీ నడత మారుతుంది. ఆక్సిజన్ తగ్గితే ఒంట్లోని చాలా ధమనులు సడలుతాయి, ఊపిరితిత్తులవి బిగుస్తాయి. ఈ సంగతిని ఆయిలర్, లిలియెస్ట్రాండ్ 1946లోనే పిల్లుల్లో గమనించారు.

బైపాస్ ఆపరేషన్‌లో కాలి సిరను గుండెకు అతికిస్తే, అలవాటు లేని ఒత్తిడికి దాని కండర కణాలు పెరిగి గోడ మందమవుతుంది. పదేళ్లకు అలాంటి సిరల్లో సుమారు సగం పూడుకుపోవడమో, పాడవడమో జరుగుతుంది. రొమ్ము ఎముక వెనక నుంచి తెచ్చే ధమని పదింట తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది. అందుకే గుండె ముందు భాగానికి వెళ్లే ముఖ్య ధమనికి సర్జన్లు ఇప్పుడు దాన్నే అతికిస్తున్నారు.