దివిసీమకు దారి పడిన తీరు

హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గంలో ప్రయాణించే ఖరగ్‌పూర్, సాలువా తెలుగువారికి విజయవాడ, తెనాలి, బాపట్ల పరిచితమైన స్టేషన్లు. ఆ మార్గానికి దూరంగా, కృష్ణానది సముద్రంలో కలిసే చోట ఉన్న దివిసీమకు మాత్రం రైలు చేరలేదు. ఒక శాఖ మచిలీపట్నంలోను, మరొకటి నదికి ఆవలి ఒడ్డున రేపల్లెలోను ఆగిపోయాయి. పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలడం వల్ల ఏర్పడిన ఈ లంకలో అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలున్నాయి. ఇరువైపులా నది, దిగువన సముద్రం. ఇక్కడ ఏ దారి వేయాలన్నా ముందు నీటిని దాటవలసిందే.

తొలి శాశ్వతమైన దారి నీటికోసమే వచ్చింది. తూర్పు డెల్టా కాలువను నదీపాయ మీదుగా దివిసీమ పొలాలకు చేర్చేందుకు స్వాతంత్ర్యానికి పూర్వమే పులిగడ్డ అక్విడెక్టును నిర్మించారు. పైరుకు నీరు వచ్చిన ఆ కట్టడం మీదుగానే మనుషులకూ బండ్లకూ రాకపోకలు సాగాయి. అది ఇరుకైనది. అయినా పడవకోసం రేవులో కాచుకునే అవస్థను తగ్గించింది.

ఆ ఒక్క దారి ఎంత బలహీనమైనదో 1977 నవంబరు 19న తెలిసింది. ఆనాటి తుపానులో ఉప్పెన కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకువచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది మరణించారు. సముద్రాన్ని ఆనుకుని ఉన్న సొర్లగొంది వంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. చెట్లు కూలి, గట్లు తెగి, బురద మేట వేసిన దారుల్లో సహాయం తీరపు ఊళ్లకు చేరడం దుస్సాధ్యమైంది. హెలికాప్టర్ల నుండి ఆహారం జారవిడిచారు. అటు తరువాతి పునర్నిర్మాణంలో తుపాను రక్షిత భవనాలు వెలిశాయి. అయితే హెచ్చరిక విన్నవారు చీకట్లో, వానలో అక్కడికి నడిచి చేరగలగాలి కదా! పల్లెదారి ప్రాణరక్షణలో భాగమన్న గ్రహింపు అప్పుడే బలపడింది. సముద్రపు కరకట్ట కూడా ఉప్పునీటిని ఆపే గట్టుగానూ, నడిచే బాటగానూ రెండు విధాల ఉపయోగపడుతుంది.

పులిగడ్డ–పెనుమూడి వారధి ఇటీవలి శతాబ్దపు మార్పు. అంతకుముందు గుంటూరు వైపు పోవాలంటే పడవ ఎక్కాలి, లేదా విజయవాడ చుట్టిరావాలి. నేడు కత్తిపూడి నుండి ఒంగోలు వరకు సాగే 216వ నంబరు జాతీయ రహదారి ఈ వారధి మీదుగానే వెళుతుంది.

దారితో లారీ వచ్చింది, లారీతో ఐసు వచ్చింది. పట్టిన చేపను ఎండబెట్టడమో, తట్టలో మోసుకుపోయి సమీప గ్రామాల్లో అమ్మడమో తప్ప వేరు మార్గం లేని కుటుంబాలకు దూరపు బజారు అందింది. అదే దారిన రొయ్యల సాగూ వచ్చింది. 1990లలో టైగర్ రొయ్యల లాభం చూసి వరిచేలు చెరువులయ్యాయి. దశాబ్దం మధ్యలో వైరస్ తెగులు సోకి అనేకులు అప్పులపాలయ్యారు. ఇందులో తప్పంతా దారిదే అనడం న్యాయం కాదు గాని, మేలును మాత్రమే దాని ఖాతాలో వేయడమూ సరికాదు.

ఎదురుమొండి దీవి కథ వేరు. నాగాయలంక మండలంలోని ఏటిమొగ రేవు నుండి అక్కడికి పంటు మీద దాటాలి. వంతెన కావాలన్న కోరిక దశాబ్దాల నాటిది. దీవికి ఆవల నాచుగుంట వైపు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యానికి చెందిన మడ అడవులున్నాయి. రోడ్డు వేయాలంటే అటవీ అనుమతులు కావాలి. ఆ మడ అడవులే ఉప్పెన వేగాన్ని తగ్గిస్తాయి కనుక ఆ నిబంధనను కేవలం అడ్డంకిగా చూడలేము. అయితే పురిటినొప్పులు పడే స్త్రీకి రాత్రివేళ రేవు దాటడమే తొలి పరీక్ష. పంటు గాలికీ, నది పోటుపాట్లకూ లోబడి నడుస్తుంది. తుపాను హెచ్చరిక వెలువడితే ముందుగా ఆపివేసేది దానినే.