కమాన్ కట్ట చివర రబ్బరు ముక్క

పాత కారు స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక నుంచి ‘ఠక్’మని చప్పుడొస్తే షాక్ అబ్జార్బర్లు పోయాయని చాలామంది అనుకుంటారు. కొత్తవి వేయిస్తారు. చప్పుడు అలాగే ఉంటుంది. అప్పుడు గానీ ఎవరి చూపూ వెనక ఇరుసును మోసే కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్) చివరకు పోదు. అక్కడ ఉక్కు పట్టీని గుండ్రంగా చుట్టిన రంధ్రంలో బొటనవేలంత రబ్బరు బుష్ ఒకటి కూర్చుని ఉంటుంది. అది అరిగితే వెనక ఇరుసు తన స్థానంలో నిలవదు. యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక పక్కకు, వదిలితే ఇంకో పక్కకు లాగుతుంది. ఇంత చిన్న వస్తువుకు పెద్ద చరిత్రే ఉంది. అందులో సగం ఇళ్ల ముందూ, ఇంటి వెనక షెడ్లలోనూ నడిచింది.

కథ గుర్రపు బండ్ల కాలంలో మొదలవుతుంది. 1804లో లండన్‌లో ఒబడయా ఇలియట్ అనే ఆయన కోచ్ బండ్లకు దీర్ఘవృత్తాకారపు కమాన్లు అమర్చే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. శతాబ్దం తిరిగేసరికి కమాన్ కట్ట కార్ల కిందికి చేరింది. దానికో గుణం ఉంది. బరువు పడి చదునైన కొద్దీ పొడవు పెరుగుతుంది. అందుకే మామూలు కారు వెనక కమాన్‌కు ఒక చివర ఛాసీకి బిగించి, రెండో చివరను షాకిల్ అనే ఊగే పట్టీలకు తగిలిస్తారు. బండి కదిలినంతసేపూ రెండు చివరలూ కొద్దికొద్దిగా తిరుగుతూనే ఉంటాయి. ఉక్కు మీద ఉక్కు తిరిగితే పిన్నూ అరుగుతుంది, కమాన్ రంధ్రమూ అరుగుతుంది. ఖరీదైన కమాన్‌ను కాపాడటానికి మధ్యలో చవకైన మెత్తని లోహపు గొట్టం పెట్టి, అరిగేదేదో అదే అరిగేలా చేశారు. తొలినాటి బుష్‌లు కంచువీ ఇత్తడివీ.

కంచు బుష్‌కు నూనె కావాలి. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారు కొన్నవాళ్లలో రైతులు చాలామంది. కొన్ని వందల మైళ్లకోసారి నూనె డబ్బా పట్టుకుని కారు కింద దూరి షాకిళ్లకు నూనె వేయడం వాళ్ల పనుల్లో ఒకటయింది. నూనె మరిచిపోతే బుష్ అరిగేది. అప్పుడు పాతదాన్ని పంచ్ పెట్టి సుత్తితో కొట్టి బయటికి తీసి, కొత్తది దిగగొట్టి, పిన్ను సాఫీగా తిరిగేలా రీమర్‌తో లోపలి అంచు చెక్కుకునేవారు. నాగలి బాగుచేసుకునే చేతులకు అది పెద్ద పని కాదు. డబ్బున్నవాళ్ల ఏర్పాటు వేరు. 1929లో వచ్చిన రోల్స్ రాయిస్ ఫాంటమ్ టూలో బైజుర్ పద్ధతి అమర్చారు. పెడల్ ఒకసారి తొక్కితే సన్నని గొట్టాల్లోంచి ఛాసీలోని కీళ్లన్నిటికీ నూనె అందేది. ఆ పెడల్ చేసిన పనే రైతు నేల మీద పడుకుని చేసేవాడు.

రబ్బరు ఈ ఇద్దరినీ ఒక దారికి తెచ్చింది. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్, ఇంగ్లండ్‌లో థామస్ హాన్‌కాక్ 1840లలోనే రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిచే పద్ధతికి పేటెంట్లు పొందారు. కానీ కమాన్ చివర బరువు మోసే పని రబ్బరుకు అప్పగించడానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది. 1920ల మొదట్లో మాక్ లారీలు కమాన్ చివరలను రబ్బరు దిమ్మల మధ్య కూర్చోబెట్టాయి. ఆ దశాబ్దంలోనే లియోన్ థిరీ అనే ఇంజినీరు, రెండు లోహపు గొట్టాల మధ్య రబ్బరును బాగా నొక్కి ఇరికించిన కీలుకు పేటెంట్లు తీసుకున్నాడు. ‘సైలెంట్‌బ్లాక్’ పేరుతో అది యూరప్ అంతటా పాకింది.

అందులో ఏదీ దేని మీదా జారదు. లోపలి గొట్టాన్ని బోల్టు పట్టుకుంటుంది, బయటి గొట్టాన్ని కమాన్ పట్టుకుంటుంది, మధ్యలో రబ్బరు మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. నూనె అక్కర్లేదు, దుమ్ము దూరదు, చప్పుడు లేదు. మేలు చాలా పెద్దదే. దాంతోపాటు ఒక మంచి అలవాటు పోయింది. నూనె వేయడానికి వంగినవాడి కంటికి పగిలిన పట్టీ, వదులైన యూ బోల్టు కూడా పడేవి. రబ్బరు బుష్ వచ్చాక కారు కిందికి చూసే అవసరమే తప్పిపోయి, ‘ఠక్’మనే దాకా ఎవరూ పట్టించుకోని రోజులు వచ్చాయి.

ఇంటి దగ్గర బుష్‌లు మార్చుకునే అలవాటు బాగా వేళ్లూనింది యుద్ధానంతర బ్రిటన్‌లో. అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన మోరిస్ మైనర్ 1948లో వచ్చింది, 1971 దాకా తయారైంది, మొత్తం పదహారు లక్షలు దాటింది. దాని వెనక కమాన్లకు రబ్బరు బుష్‌లే. కొత్త కారు కొనలేని కుటుంబాలు పాతవాటినే నడిపాయి. 1960లో పదేళ్లు దాటిన కార్లకు ప్రభుత్వ పరీక్ష తప్పనిసరైంది, 1967కల్లా మూడేళ్ల కారుకే ఆ పరీక్ష వచ్చింది. గ్యారేజీ కూలి భరించలేనివాళ్లు స్పానర్లు కొనుక్కున్నారు.

వాళ్లకు పుస్తకం కూడా దొరికింది. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేస్తూ ఏడెన్‌లో ఉన్న జాన్ హేన్స్, మిత్రుడి ఆస్టిన్ హీలీ స్ప్రైట్ బాగుచేయడంలో సాయపడ్డాడు. కంపెనీ మాన్యువల్ మామూలు మనిషికి అర్థమయ్యేలా లేదని గ్రహించి, కారును భాగం భాగంగా విప్పుతూ ప్రతి మెట్టుకూ ఫొటో తీయించాడు. 1966లో వచ్చిన ఆ తొలి మాన్యువల్ మూడు వేల ప్రతులు మూడు నెలల లోపే అమ్ముడుపోయాయి. మెకానిక్ చేతి నైపుణ్యాన్ని కాగితం మీద పెట్టి ఇంటింటికీ చేర్చిన ఘనత ఆ పుస్తకాలది.

అదే మోరిస్ వంశం మన దేశంలో అంబాసిడర్ అయింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులతో 1950ల చివర్లో కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పాడాలో మొదలై, 2014 మే నెలలో ఆగింది. వెనక కమాన్ కట్టలు చివరి దాకా అలాగే ఉన్నాయి. కొత్త కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజుల్లో ఉన్న కారును పారేయడం ఎవరి ఊహకూ అందని మాట. అయితే ఇక్కడ యజమాని స్పానర్ పట్టడం తక్కువ. ఆ పని డ్రైవరుదీ, మెకానిక్‌దీ. అసలు బుష్ దొరకకపోతే లేత్ మీద నైలాన్ కడ్డీ తిప్పించి వేసుకునేవారు, పాత టైరు కోసి సరిపెట్టినవాళ్లూ ఉన్నారు. లారీల, బస్సుల చుట్టూ పెరిగిన విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ పని ఒక ప్రత్యేక వృత్తిగా నిలబడింది. ప్రభుత్వ ఆఫీసుల ముందు నిలిచిన పాత జీపులది ఇంకో పద్ధతి. యూ ఆకారపు షాకిళ్లకు మరలున్న లోహపు బుష్‌లు, వాటికి గ్రీజు నిపిళ్లు. గ్రీజు గన్ ఉన్న డ్రైవరు జీపు ఎక్కువ కాలం నడిచేది.

పని చేసే తీరు ఇంగ్లండ్‌లోనైనా గుంటూరులోనైనా ఒక్కటే. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనక భాగాన్ని జాకీతో లేపి, ఛాసీ కింద గట్టి స్టాండ్లు పెడతారు. ఇరుసు బరువును ఇంకో జాకీ మోస్తుండాలి. బిగుతులో ఉన్న కమాన్ బోల్టు లాగగానే ఎటు ఎగురుతుందో చెప్పలేం. కష్టమంతా తుప్పు దగ్గరే. ఏళ్ల తరబడి కదలని బోల్టు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోతుంది. ముందు రాత్రే కిరోసిన్ పట్టించి ఉంచుతారు. బోల్టు వచ్చినా బయటి గొట్టం రాకపోతే, హాక్సా బ్లేడును రంధ్రంలోంచి దూర్చి, కమాన్‌కు గాటు పడకుండా గొట్టాన్ని మాత్రమే నిలువునా కోయాలి. ఓపికలేనివాళ్లు రబ్బరును మంటపెట్టి కాలుస్తారు. ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు, ఆ వేడి కమాన్ ఉక్కు పదును తీసేస్తుంది. కొత్త బుష్‌ను పొడవాటి మర రాడ్డు, రెండు నట్లు, ఒక వైపు పెద్ద గొట్టం ముక్క పెట్టి మెల్లగా లోపలికి లాగుతారు. గ్రీజు పూస్తే సహజ రబ్బరు ఉబ్బి పాడవుతుంది కనుక సబ్బు నీళ్లే వాడతారు.

ఇటీవలి దశాబ్దాల్లో పాత కార్ల ప్రియులు పాలీయురెథేన్ బుష్‌ల వైపు మళ్లారు. ఆ పదార్థాన్ని 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనుగొంది. నూనెకు చెడదు, చాలా కాలం మన్నుతుంది. కానీ చాలా రకాల్లో లోపలి గొట్టం బుష్‌లో జారుతూ తిరుగుతుంది కాబట్టి ప్రత్యేకమైన గ్రీజు పెట్టాలి, లేకపోతే కీచుమంటుంది. రబ్బరు తప్పించిన గ్రీజు దశాబ్దాల తర్వాత తిరిగొచ్చిందన్నమాట. అంబాసిడర్ లాంటి నెమ్మది బండికి మంచి రబ్బరే మేలు. గతుకుల రోడ్డు అదురును రబ్బరు మింగినంతగా పాలీయురెథేన్ మింగదు.

ఇంట్లో పాత అంబాసిడరో ఫియటో ఉన్నవాళ్లు ఈ పని తామే చేసినా, మెకానిక్‌తో చేయించినా ఒక్కటి దగ్గరుండి చూడండి. రబ్బరు బుష్ బోల్టులను కారు గాల్లో ఉండగా ఆఖరి బిగింపు బిగించనివ్వకండి. కమాన్ వేలాడుతుండగా బిగిస్తే కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పటికీ ఆ మెలిలోనే ఉండి, కొద్ది నెలల్లో చిరిగిపోతుంది. చక్రాలు నేలకు ఆని, బండి బరువు కమాన్ల మీద పడ్డాకే ఆ నట్లు బిగించమనండి.