తెల్ల చొక్కా, నల్ల పేరుబిళ్ల

సోమవారం బట్టలు ఉతుక్కునే రోజు. మోర్మన్ మిషనరీ కుర్రాడికి వారం మొత్తంలో దొరికే తీరిక అదొక్కటే. కూరగాయలు, సబ్బులు తెచ్చుకోవడం, క్షవరం చేయించుకోవడం, గది ఊడ్చుకోవడం, ఇంటికి ఉత్తరం రాయడం అన్నీ ఆ పూటే కావాలి. 2019 ఫిబ్రవరి దాకా అమ్మానాన్నలతో ఫోన్లో మాట్లాడే అవకాశం ఏడాదికి రెండు రోజులే, క్రిస్మస్‌కీ మాతృ దినోత్సవానికీ. ఆ నెల నుంచి వారం వారం మాట్లాడుకోనిస్తున్నారు. సాయంత్రమయ్యేసరికి మళ్లీ తెల్ల చొక్కా, టై, గుండె మీద నల్ల పేరుబిళ్ల. బిళ్ల మీద ఇంట్లో పిలిచే పేరు ఉండదు, ఇంటిపేరే ఉంటుంది. మీసం సరిగా రాని పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి సైతం మిషనరీగా ఉండే రెండేళ్లూ అందరూ ‘ఎల్డర్’ అనే పిలవాలి. ఆడపిల్లలైతే ‘సిస్టర్’. 2025 దాకా వాళ్లు వెళ్లేది పందొమ్మిదేళ్లు నిండాకే; గడువు పద్దెనిమిది నెలలు.

మంగళవారం నుంచి బండి గాడిన పడుతుంది. పొద్దున ఆరున్నరకు లేవాలి. వ్యాయామం, ఫలహారం, ఒంటరిగా గ్రంథ పఠనం, తర్వాత జంట మనిషితో కలిసి చదువు. ఆపైన ఊళ్లోకి. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. సినిమాలు లేవు, ప్రేమలు అసలే లేవు. ఏ ఊరికి వెళ్లాలో సంఘమే చెబుతుంది. ఎవరితో కలిసి ఉండాలో కూడా అదే చెబుతుంది. సుమారు ఆరు వారాలకోసారి బదిలీల కబురు వస్తుంది. జీతం లేదు సరికదా, అమెరికా కుర్రాళ్ల కుటుంబాలు నెలనెలా సొంత డబ్బు కట్టాలి. ఆదివారం కూడికలో రొట్టె, ద్రాక్షరసానికి బదులు మంచినీళ్లు. నెలలో మొదటి ఆదివారం ఉపవాసం. కాఫీ, టీ, సారా, పొగాకు జన్మలో ముట్టకూడదు. మన గోదావరి జిల్లాల్లో చిక్కంతా ఇక్కడే. ‘రండి బాబూ, టీ తాగుదురుగాని’ అన్న ఇల్లాలికి ‘వద్దండీ’ అని రెండుసార్లు చెబితే, మూడోసారి ఆవిడ మొహం మారిపోతుంది. మజ్జిగ అడిగినవాడు బతికిపోతాడు.

ఆ కుర్రాడి వారమంతటికీ ఇరుసు లాంటి నియమం ఇంకొకటుంది. ఎక్కడికెళ్లినా ఇద్దరూ కలిసే వెళ్లాలి. యేసు తన శిష్యులను ఇద్దరిద్దరుగా పంపాడని సువార్తల్లో ఉంది కదా, దాన్ని వీళ్లు అక్షరాలా పాటిస్తారు. బుద్ధుడు చెప్పింది దీనికి సరిగ్గా తలకిందులు. తొలి అరవై మంది భిక్షువులను లోకంలోకి పంపుతూ, ఏ ఇద్దరూ ఒకే దారిన పోవద్దన్నాడని వినయ పిటకం చెబుతుంది. ఆ ఒంటరి నడక ఎలా ఉండేదో పెదవేగి ప్రాంతానికి తెలుసు. ఇది శాలంకాయనుల రాజధాని, తర్వాత చాళుక్యుల వేంగి. ఏలూరు నుంచి పన్నెండు కిలోమీటర్లు. ఇంకా పైకి పోతే కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండ. దాన్ని క్రీస్తుకు పూర్వమే తొలిచి భిక్షువులు వానాకాలం మూడు నెలలూ అక్కడ తలదాచుకునేవారు. వానలు వెలిశాక మళ్లీ దారి పట్టేవారు. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్ర దేశపు రాజధానిని పింగ్-కి-లో అని రాశాడు. అది వేంగి అనే పండితులు గుర్తించారు. ఆ దేశంలో ఇరవై సంఘారామాలు, మూడు వేల మంది భిక్షువులు ఉన్నారని ఆయన లెక్క. ఇల్లు వదిలి, కొత్త మాట మోసుకుని, ఎవరు అన్నం పెడతారో తెలియకుండా తిరిగిన యువకులు ఈ నేలకు కొత్త కాదన్నమాట.

19వ శతాబ్దంలో ఆ వరుసలోకి తెల్లవాళ్లు చేరారు. 1836లో ఇంగ్లండులోని డెవన్ నుంచి ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇద్దరు యువకులు భార్యలతో సహా బయల్దేరారు. విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. వెనక ఏ మిషన్ సొసైటీ లేదు, జీతం లేదు. చివరికి నరసాపురం, పాలకొల్లులలో స్థిరపడ్డారు. చెప్పులు కుట్టిన చేతులతో దొర అయినవాణ్ణి మన డెల్టా రైతు ఎలా చూశాడో, ఆ సంగతి ఎవరైనా రాసి ఉంటే బాగుండేది. ఐదేళ్ల తర్వాత, 1841లో, చర్చి మిషనరీ సొసైటీ (సీఎంఎస్) తరఫున మచిలీపట్నం వచ్చిన ఇద్దరి తీరు వేరు. హెన్రీ వాట్సన్ ఫాక్స్ ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడు, రాబర్ట్ నోబుల్ కేంబ్రిడ్జి మనిషి. నోబుల్ 1843లో బడి పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. నోబుల్ కాలేజీ ఆ బడే. ఫాక్స్‌కు మాత్రం కాలు నిలవదు. గుడారం వేసుకుని ఊరూరా తిరిగాడు, భార్యను పోగొట్టుకున్నాడు, ఆరోగ్యం చెడి స్వదేశం చేరి 1848లో ముప్పై ఒకటో ఏట పోయాడు. అదే సొసైటీ 1854లో ఏలూరులో కేంద్రం తెరిచింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మోర్మన్లు కూడా మన దేశానికి వచ్చారన్నది చాలామందికి తెలియదు. జోసెఫ్ స్మిత్ న్యూయార్క్ రాష్ట్రంలో 1830లో స్థాపించిన సంఘం ఇది. మోర్మన్ అనేది లోకం పెట్టిన పేరు. వాళ్ల అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. 1852 ఆగస్టులో సాల్ట్‌లేక్ నగరంలో జరిగిన సభలో సంఘాధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ వంద మందికి పైగా మిషనరీలను దేశదేశాలకు నియమించాడు. అందులో తొమ్మిది మందికి హిందూస్థాన్ పడింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడెక్కి 1853 ఏప్రిల్‌లో కలకత్తా దిగారు. వారిలో రిచర్డ్ బలంటైన్, రాబర్ట్ స్కెల్టన్ ఆ జూలైలో మద్రాసు చేరారు. అలా తెలుగు నేలకు బాగా దగ్గరగా వచ్చారు. డబ్బు సంచీ లేకుండా పోవాలన్నది వాళ్ల నియమం. కానీ కంపెనీ పాలనలో నౌకరు లేకుండా, పల్లకీ లేకుండా నడిచే తెల్లవాడిని చూసి తెల్లవాళ్లే మొహం తిప్పుకున్నారు. పైగా ఏ సభలో వీళ్లను పంపారో ఆ సభలోనే బహుభార్యాత్వం తమ ఆచారమని సంఘం బహిరంగంగా ఒప్పుకుంది. ఆ కబురు వీళ్లకంటే ముందే రేవులు చేరింది. పాదిరీలు దాన్నే పట్టుకుని దండెత్తారు. బలంటైన్ మద్రాసులో ఒక చిన్న పత్రిక కూడా నడిపి చూశాడు, ఏడాదికే జబ్బుపడి ఓడెక్కాడు. 1856 నాటికి మిగిలినవాళ్లూ వెళ్లిపోయారు.

వాళ్లు ఎందుకు ఓడిపోయారన్నదానికి ఎండ, జ్వరం, పాదిరీల పోరు అని కారణాలు చెబుతారు. నన్నడిగితే అసలు కారణం వేరు. వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషులో, ఎక్కువగా సైనికులతోను, ఆంగ్లో-ఇండియన్లతోను. వాళ్ల మాట పట్టుకుని మేనమామ ఇంటికో, వియ్యంకుడి ఇంటికో పోయే తెలుగు మనిషి ఒక్కడూ దొరకలేదు. అలాంటి మనిషి దొరికితే ఏమవుతుందో ఏలూరు చూపించింది.

1860ల మాట. ఒంగోలు ప్రాంతపు తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. చదువు లేదు, కానీ బండికట్ల వీరమ్మ అనే గురువమ్మ దగ్గర రాజయోగం నేర్చినవాడు. నలుగురూ ఆయన మాట ఆలకించేవారు. తోళ్ల బేరం ఆయన్ని ఉత్తరాన ఏలూరు దాకా తెచ్చింది. ఆ దిక్కున తిరిగేటప్పుడే క్రీస్తు కబురు ఆయన చెవిన పడింది. ఏలూరులో ఉన్న సీఎంఎస్ మిషనరీ ఎఫ్.ఎన్. అలెగ్జాండర్ దగ్గరకు పోయి కూర్చుని విన్నాడు. సరుకుతో పాటు ఆ మాటనూ బండిలో వేసుకుని ఊరు చేరాడు. తమ ఊరికి ఏ దొరా రాకముందే అయినవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జూయెట్, క్లౌ ఒంగోలుకు వచ్చినప్పుడు భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి జనవరిలో క్లౌను తన ఊరికి పిలిపిస్తే ఇరుగుపొరుగు పల్లెల నుంచి జనం మూటాముల్లె కట్టుకుని వచ్చారు. ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. పేరయ్య వాళ్లందరికీ ముందే అంతా చెప్పి ఉంచాడు. దొర చేయాల్సింది నీళ్లలోకి దిగడమే.

తర్వాతి కథ పుస్తకాలకెక్కింది. 1876-78 కరవు, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని క్లౌ గుత్తకు తీసుకుని జనానికి కూలి ఇప్పించడం, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. కరవు కోసం వచ్చినవాళ్లని కొందరన్నారు. తవ్వకం పని సాగినంత కాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇచ్చినప్పుడు వచ్చినవాళ్లు పల్లెలకు పల్లెలు, చుట్టరికాల వెంట చుట్టరికాలు. కులం వెలి వేస్తే ఊరంతా కలిసి భరించగలదు, ఒంటరి మనిషి భరించలేడు. మచిలీపట్నంలో నోబుల్ బడిలో చదివి మతం మారిన కొద్దిమంది బ్రాహ్మణ యువకులకు ఇళ్ల తలుపులు మూసుకుపోయిన తీరు చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

మోర్మన్లు ఈ రహస్యాన్ని పట్టుకోవడానికి మరో నూరేళ్లు పట్టింది. అదీ వాళ్లు వెతికి పట్టుకున్నది కాదు, దానంతట అదే వచ్చింది. ఎడ్విన్ ధర్మరాజు కీటక శాస్త్రవేత్త, తెలుగువాడు. ఉద్యోగరీత్యా పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల్లో ఉండగా 1977లో ఆయన, భార్య ఎల్సీ ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో సంఘం వాళ్లిద్దరినీ ప్రత్యేక మిషనరీలుగా హైదరాబాదు పంపింది. వాళ్లు ఏ వీధి తలుపూ తట్టలేదు. తమ బంధువుల ఇళ్లకే వెళ్లారు. ఇరవై రెండు మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ వాళ్ల కుటుంబంవారే. ఆ ఇంటి పెద్ద, అప్పటికే పేరున్న పాస్టరు రెవరెండ్ పి. శ్రీనివాసం, మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని చేపట్టారు. అందులోని భాగాలు 1982లో అచ్చయ్యాయి. గుండ్లకమ్మ 1878, హైదరాబాదు 1978. వందేళ్ల ఎడంలో అదే పద్ధతి, కాకపోతే తోళ్ల బండి స్థానంలో విమానం.

అక్కడి నుంచి వృద్ధి నిదానంగా సాగింది. 1993లో బెంగళూరు కేంద్రంగా భారత మిషన్ ఏర్పడింది. రాజమండ్రి, విశాఖపట్నాలలో బ్రాంచీలు లేచాయి. మన దేశంలో మొట్టమొదటి స్టేక్, అంటే మేత్రాసనం లాంటి ఏర్పాటు, 2012 మే 27న హైదరాబాదులో వెలిసింది. ఢిల్లీలో కాదు, బొంబాయిలో కాదు. బెంగళూరులో దేవాలయానికి 2020 డిసెంబరులో భూమి తవ్వారు. మిగతా క్రైస్తవ సంఘాలు చాలామటుకు వీళ్లను తమవాళ్లుగా ఒప్పుకోవు. బైబిలుకు తోడు మరో గ్రంథం ఏమిటని వాళ్ల అభ్యంతరం. విదేశీయులు మత ప్రచారానికి రావాలంటే మన ప్రభుత్వం ఇచ్చే మిషనరీ వీసా వేరే ఉండాలి. అందుకే ఇప్పుడు మన దేశంలో తిరిగే తెల్ల చొక్కాల్లో ఎక్కువమంది మన పిల్లలే.

మరి ఆ కుర్రాడు వారమంతా తిరిగి సాధించేది ఏమిటి? ప్రతి వారం లెక్క పంపాలి, మిషన్ అధ్యక్షుడికి ఉత్తరం రాయాలి. ఎన్ని పాఠాలు చెప్పారు, ఎంతమంది ఆదివారం కూడికకు వచ్చారు. చాలా వారాలు ఆ అంకెలు చిన్నవే. నాకు తోచినంతవరకు ఆ రెండేళ్లలో మారేది ఊరు కాదు, కుర్రాడు. అన్నం వండుకోవడం, తెలియని మనిషితో ఒకే గదిలో సర్దుకోవడం, రోజుకు పదిసార్లు ‘వద్దు బాబూ’ అనిపించుకుని పదకొండోసారి నవ్వుతూ నమస్కారం పెట్టడం నేర్చుకుంటాడు. సంఘాన్ని నిలబెట్టే పని ఆ తర్వాత, వాడు ఇంటికి చేరి పెళ్లి చేసుకుని, తన వాళ్ల మధ్య కూర్చున్నప్పుడు మొదలవుతుంది. ఫాక్స్, బౌడెన్, బలంటైన్ వాళ్ల నడకలకు డైరీలు, ఉత్తరాలు, జీవిత చరిత్రలు మిగిలాయి. మాటను ఇంటింటికీ మోసిన పేరయ్యలు వందల్లో ఉంటే పుస్తకాలకెక్కినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే అంతమందే. ఏలూరు, దెందులూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పేటల్లో ఒకప్పుడు లాంతరు పట్టుకుని రాత్రి బడి నడిపిన ఉపదేశుల పేర్లు, కొల్లేటి లంకలకు పడవ మీద పోయిన బైబిలు స్త్రీల పేర్లు ఎక్కడ దొరుకుతాయి? పాత చర్చి బీరువాల్లో, చెదలు పట్టిన బాప్తిస్మ రిజిస్టర్లలో.

చిత్రమేమిటంటే, ప్రపంచంలో వంశావళులను అందరికంటే శ్రద్ధగా దాచేది ఈ మోర్మన్లే. 1894లోనే అందుకో సొసైటీ పెట్టారు. సాల్ట్‌లేక్ దగ్గర గ్రానైట్ కొండను తొలిచి, లోకమంతటి నుంచి తెచ్చిన రికార్డుల మైక్రోఫిల్మ్‌లను అందులో భద్రపరిచారు. గుంటుపల్లి భిక్షువులు కొండను తొలిచింది తపస్సుకు, వీళ్లు తొలిచింది తాతల పేర్లకు. మనకు కొండ తొలిచే అవసరం లేదు. మీ ఊరి చర్చిలో, అది ఒకప్పటి సీఎంఎస్ కానీ లూథరన్ కానీ బాప్టిస్టు కానీ రోమన్ కతోలిక కానీ, 1950కి ముందరి రిజిస్టరు ఉంటే పాస్టరు గారినో ఫాదరు గారినో అడిగి పేజీ పేజీ ఫోటో తీసి ఉంచండి. ఇంట్లో ఎనభై దాటిన నాయనమ్మ ఉంటే, మొదట ఈ మాట మన ఇంటికి తెచ్చింది ఎవరని ఈ వారమే అడిగి రాసి పెట్టుకోండి.