కొండలేని సీమలో కోనేరు: సప్తగోదావరి స్థలకథ – ఒక పరిశీలన

తెలుగునాట క్షేత్రమాహాత్మ్య రచన సాధారణంగా కొండను ఆశ్రయించుకొని నడుస్తుంది. శిఖరం, దాని చెంత గుహ, గుహ పక్కన ఎండని జలం, ఆ జలానికొక ముని. ఈ చట్రం శ్రీశైలానికీ, అహోబిలానికీ, భైరవకోనకూ ఇంచుమించు ఒకేవిధంగా సరిపోతుంది. 'కోన' అన్న మాటకే కొండల నడుమ లోయ అని అర్థముంది. కోనసీమలో మాత్రం అది 'కోణ' శబ్దభవమని ప్రసిద్ధి. గౌతమీ వాసిష్ఠ పాయల నడుమ ఒండ్రు పేరుకొని ఏర్పడిన త్రికోణాకారపు నేల అది. కోనమండలాన్ని ఏలిన హైహయుల పిఠాపుర శాసనం (శక 1117, క్రీ.శ. 1195) నాటికే ఈ పేరుకు రాజకీయ ప్రతిపత్తి ఉంది. కొండ లేనిచోట స్థలకథ దేనిని ఆధారం చేసుకుంటుందన్నది ఈ వ్యాసంలో ప్రశ్న. దానికి ద్రాక్షారామంలోని సప్తగోదావరి కుండాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ద్రాక్షారామం పాత అర్థంలో కోనసీమ కాదు. గౌతమికి ఈవలి ఒడ్డున ఉన్నది. 2022లో జిల్లాల పునర్విభజన దానిని కోనసీమ జిల్లాలో చేర్చింది. పాలనాపరమైన ఈ కలయిక కొత్తదే అయినా కథాపరమైన కలయిక చాలా పాతది. త్రిలింగ శబ్దాన్ని వివరిస్తూ విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో శ్రీశైల, కాళేశ్వర, దాక్షారామాలను పేర్కొన్నాడు. మొదటిది కొండపైన ఉంది. మూడవదానికి కొండ లేదు. తూర్పు చాళుక్యుడైన చాళుక్య భీముని (క్రీ.శ. 892–921) పేరుతో ముడిపడిన ఈ ఆలయంలో లింగం రెండు అంతస్తుల ఎత్తున నిలుస్తుంది, అభిషేకం చేయాలంటే మెట్లెక్కి పైఅంతస్తుకు పోవాలి. కావలసిన ఎత్తును ఆలయమే సమకూర్చుకొన్నదని అనిపిస్తుంది. నీటి సంగతి అంత సులభంగా తేలేది కాదు.

క్షేత్రాన్ని పరిశీలించడానికి వెళ్ళినవారికి కుండం చూపులకు విశేషమేమీ ఇవ్వదు. మెట్లు, నిలకడ నీరు, స్నానం చేసే నలుగురు, అంతే. విశేషమంతా కథలో ఉంది. భీమేశ్వరునికి అభిషేకించడానికి సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగా చీల్చి తెస్తున్నారు. తన యజ్ఞవాటిక మునిగిపోతుందని తుల్యభాగుడు అడ్డుతగిలాడని ఒక కథనం. వాదం సాగుతూండగానే ముహూర్తం మించిపోయి, సూర్యుడు తొలి అభిషేకం చేసివేశాడు. చివరికి పాయల్లో కొన్ని అంతర్వాహినులై కుండంలోకి చేరాయంటారు. శ్రీనాథుని భీమేశ్వరపురాణం ఆరాశ్వాసాలలో ఈ క్షేత్రమహిమను ఇంకొక వైపునుండి, కాశినుండి వెలివడిన వ్యాసుని యాత్రగా నడిపింది. పండితుల దృష్టి సహజంగా ఆ వ్యాసునిపైనే నిలిచింది. నాకు తుల్యభాగుని పక్షం ఎక్కువ ఆసక్తికరం. ఋషుల పుణ్యకార్యం ఇంకొకరి నేలను ముంచుతుందని పురాణకథే ఒప్పుకోవడం అరుదు. వరద అంటే ఏమిటో తెలిసిన డెల్టాలో తప్ప ఇటువంటి అభ్యంతరం కథలోకి ఎక్కదని నా ఊహ.

ఈ కథను అద్భుతమని కొట్టివేయడం ఒక పద్ధతి. అంతరించిన నదీమార్గాల జ్ఞాపకమని భూగోళానికి అప్పగించడం ఇంకొకటి. రెండవది నేడు ఎక్కువ ఆదరణలో ఉంది. దానిని పూర్తిగా అంగీకరించలేము. తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వాసిష్ఠ అనే పట్టిక అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్నింట జమదగ్ని పేరు వస్తుంది. అంతకన్న ముఖ్యమైనది, ఓడలరేవు వద్ద కడలిలో కలిసే వైనతేయ ఋషుల లెక్కలో లేదు. కంటికి కనబడే పాయకు చోటులేక, కనబడని పాయలకు చోటున్న పట్టిక భౌగోళిక పత్రం కాజాలదు. సప్తసంఖ్యకు అనుగుణంగా పేర్లు కూర్చుకొన్నారనుకోవడమే యుక్తం.

అయితే ఆ పేర్లు గాలిలోవి కావు. చొల్లంగి అమావాస్యనాడు తుల్యభాగ వద్ద మొదలై, కోరంగి వద్ద ఆత్రేయ మీదుగా అంతర్వేదిలో వాసిష్ఠ వద్ద ముగిసే సప్తసాగర యాత్ర ఈ పేర్లను తీరం వెంబడి కాలినడకన నిలబెట్టింది. యాత్రికుడు రోజుల తరబడి నడిచి చేరే ఏడు సంగమాలను కుండం ఒక్క మునకలో అందిస్తుంది. ఈ రెంటిలో ఏది ముందో తేల్చే ఆధారం శాసనాలలో వెదకవలసి ఉంది. ద్రాక్షారామ శాసనాలు వందల సంఖ్యలో 1923లో దక్షిణభారత శాసనసంపుటి నాలుగవ భాగంలో అచ్చయ్యాయి. వాటిలో అధికభాగం అఖండదీపాలకు, వాటి నేతికోసం ఇచ్చిన పశువులకు సంబంధించినవి. దాతలకు దీపం కావాలి, కథకులకు నీరు కావాలి. ఒకే ఆలయాన్ని గురించిన ఈ రెండు రకాల వాఙ్మయాన్ని పక్కపక్కన పెట్టి చదివిన పరిశోధన జరగవలసినంత జరగలేదు.

కథలోని పేర్లకు చివరి మజిలీ మాత్రం శాసనాలలో కాక నీటిపారుదల పటాలలో దొరుకుతుంది. 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన తరువాత డెల్టాకు కాలువలు వచ్చాయి; కాలువలతో పాటు చేల మురుగును కడలికి చేర్చే మార్గాలూ అవసరమయ్యాయి. రామచంద్రపురం ప్రాంతంలో తుల్యభాగ, అమలాపురం ప్రాంతంలో కౌశిక నేడు మురుగుకాలువల పేర్లు. వానాకాలంలో చేలు మునిగినప్పుడు రైతులు తుల్యభాగ పూడిక తీయలేదనే మొరపెట్టుకుంటారు.