గురకకు కళ్ళెం

గురక అనగానే మనకు నవ్వొస్తుంది. నాటకంలో నౌకరు పాత్ర గుర్రుపెడితే హాలంతా ఘొల్లుమంటుంది. పెళ్ళివారి విడిదిలో జంపఖానాల మీద అర్ధరాత్రి మొదలైన కచేరీని, తెల్లవారి కాఫీల దగ్గర ఆడవాళ్ళు అనుకరించి చూపిస్తే ఆ పెట్టినాయన కూడా నవ్వేస్తాడు. "నేనా? గురకా? నాకసలు రాత్రంతా కన్నంటుకుంటేనా!" అంటాడు. గురకలో తమాషా అదే. పెట్టేవారికి అది వినిపించదు. వినేవారికి నిద్ర ఉండదు.

కనుక గురక చరిత్రకు మొదటి సాక్షులు రాజులూ కారు, పండితులూ కారు. పక్కమీద మేలుకుని పడుకున్న ఇల్లాళ్ళు. వాళ్ళ సాక్ష్యం వైద్యుల చెవిని పడడానికి ఎన్నాళ్ళు పట్టిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

కుంభకర్ణుణ్ణి లేపడానికి వెళ్ళిన రాక్షసులు అతని ఊపిరి గాలికి ఎదుట నిలవలేకపోయారట. వాల్మీకి అంతటివాడు ఆ సంగతి గమనించి రాశాడు. మన అమ్మమ్మలు పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర మరో రకం. మగడు అడవిలో రేయింబవళ్ళు కాపలా కాస్తుంటే, ఆ తల్లి ఇక్కడ పధ్నాలుగేళ్ళు నిద్రపోయింది. మన ఇళ్ళల్లో ఆ కథ తిరగబడింది. ఆయన నిద్రపోతారు, ఈవిడ కాపలా కాస్తుంది.

క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో నల్లసముద్రం ఒడ్డున హెరాక్లియా పట్టణాన్ని డయొనీసియస్ అనే స్థూలకాయుడు ఏలాడు. నిద్రలో ఊపిరాడక పోతాడేమోనని, వైద్యులు పొడుగాటి సూదులతో పొడిచి అతన్ని లేపేవారట! తర్వాత 1836, 37 సంవత్సరాల్లో చార్లెస్ డికెన్స్ తన 'పిక్విక్ పేపర్స్' నవలలో జో అనే లావుపాటి కుర్రాణ్ణి సృష్టించాడు. వాడు పని మధ్యలోనే నిద్రలోకి జారిపోయి గురక పెడతాడు. పాఠకులు నవ్వుకున్నారు. 1956లో బోస్టన్ వైద్యులు అలాంటి రోగి ఒకతన్ని చూసి, ఆ జబ్బుకు పిక్విక్ పేరే పెట్టారు. ఆ పెద్దమనిషి ఆస్పత్రికి ఎందుకు వచ్చాడో తెలుసా? పేకాటలో బ్రహ్మాండమైన ముక్కలు చేతిలో ఉండగా పందెం కాయకుండా కునికిపాట్లు పడ్డాడు! మన గోదావరి జిల్లాల్లో పేకాట మరిగినవారికి ఇంతకంటే ఘోరమైన రోగలక్షణం చెప్పనక్కర్లేదు.

అయినా అసలు గుట్టు ఇంకా తెలియలేదు. ఒళ్ళు లావు కనుక నిద్ర అనుకున్నారు. 1965లో ఫ్రాన్సులోనూ, జర్మనీలోనూ వైద్యులు అలాంటివారు నిద్రపోతుండగా రాత్రంతా ఊపిరిని యంత్రాలతో కొలిచారు. గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోంది! పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్ళీ గురక మొదలవుతుంది. 1976లో అమెరికాలో గిలెమినో అనే వైద్యుడు దీనికి 'స్లీప్ ఆప్నియా సిండ్రోమ్' అని పేరుపెట్టాడు. "ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోతుంది, నా గుండె ఝల్లుమంటుంది" అని ఇల్లాలు చెప్పేది ఇదే.

ఇది ఎలా జరుగుతుందో కాలవగట్ల మధ్య పుట్టి పెరిగిన మనకి చెప్పడం తేలిక. గొంతు మెత్తటి గట్లున్న పిల్లకాలవ లాంటిది. మెలకువలో కండరాలు గట్టుని బిగించి నిలబెడతాయి. నిద్రలో అవి సడలుతాయి, నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకైతే గాలి గరగరమని చప్పుడు చేస్తుంది. అది గురక. గట్లు రెండూ అంటుకుపోతే లాకు మూసినట్టే, చప్పుడూ ఉండదు, గాలీ ఉండదు. రాత్రి అలా పదేపదే జరిగితే రక్తపోటు పెరుగుతుంది, గుండెకీ మెదడుకీ ముప్పు. పగలు బండి నడుపుతూ కునికితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మరి మందేమిటి? తొలిరోజుల్లో గొంతుకి రంధ్రం చెయ్యడం తప్ప దారి లేదు. 1981లో సిడ్నీలో కోలిన్ సలివన్ ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే యంత్రం కనిపెట్టాడు. నేటికీ అదే గట్టి వైద్యం. కాని రాత్రంతా ముఖానికి ముసుగూ గొట్టమూ తగిలించుకోవడం అందరివల్లా కాదు. అలాంటివారికి పనికొచ్చే చిన్న వస్తువు పళ్ళ డాక్టరు దగ్గరుంది.

దాని పుట్టుక పసిపిల్లల కోసం. కిందిదవడ చిన్నదిగా పుట్టిన బిడ్డలకు నాలుక వెనక్కి జారి ఊపిరి ఆడడం లేదని 1923లో పారిస్‌లో పియరీ రోబిన్ అనే దంతవైద్యుడు రాశాడు. దవడను ముందుకు నిలిపే పరికరం కూడా వాడాడు. నాలుక కండరం కిందిదవడకే అతుక్కుని ఉంటుంది కదా, దవడ ముందుకొస్తే నాలుకా వస్తుంది. ఈ సూత్రం పెద్దల గురకదాకా రావడానికి మరో అరవయ్యేళ్ళు పట్టింది. 1982లో షికాగోలో రోజలిండ్ కార్ట్‌రైట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, శామెల్సన్ అనే వైద్యుడితో కలిసి నాలుకను ముందుకు పట్టి ఉంచే పరికరాన్ని పరీక్షించి ఫలితాలు ప్రకటించింది. ఆ తర్వాత దవడను ముందుకు తెచ్చేవి వచ్చాయి.

పై పళ్ళకీ, కింది పళ్ళకీ అచ్చులు తీసి రెండు తొడుగులు చేస్తారు. కిందిది కొన్ని మిల్లీమీటర్లు ముందుకుండేలా రెంటినీ జోడించి, మెల్లమెల్లగా సర్దుతారు. రాత్రి పెట్టుకుని పొద్దున్నే తీసెయ్యడమే. గుర్రానికి కళ్ళెంలా గురకకు కళ్ళెం అన్నమాట! మొదట్లో లాలాజలం ఊరుతుంది, దవడ నొప్పి పుడుతుంది. ఏళ్ళు గడిస్తే పళ్ళు కాస్త కదలవచ్చు. కదిలే పళ్ళవారికీ, పళ్ళు లేనివారికీ ఇది సాధారణంగా కుదరదు. యంత్రమంత గట్టిదీ కాదు. కాని 2015లో అమెరికన్ నిద్రవైద్యులూ, దంతవైద్యులూ కలిసి, యంత్రం సహించనివారికి ఇది ఇవ్వమని సలహా చెప్పారు. బజారు సరుకు కాదు, ఎవరి నోటికి తగ్గట్టు వారికి చేసినదే ఇమ్మన్నారు.

భీమవరంలోనూ, రాజమండ్రి దగ్గరా ఇప్పుడు దంతవైద్య కళాశాలలున్నాయి. పళ్ళ అచ్చు తీయడం వాళ్ళకి కొత్త విద్య కాదు. అయితే తిన్నగా అచ్చు దగ్గరికి పోకూడదు. ముందు వైద్యుడు నిద్రను పరీక్షించి జబ్బు ఎంతుందో చెప్పాలి, పరికరం అమర్చాక మళ్ళీ పరీక్షించాలి. చప్పుడు తగ్గినంత మాత్రాన ఊపిరి సరిగా ఆడుతోందని కాదు సుమా!

ఇదంతా మగవారి కథే అనుకునేరు. 2023లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశంలో సుమారు 10 కోట్ల 40 లక్షలమందికి ఈ జబ్బు ఉండవచ్చని లెక్క వేశారు. ఆడవాళ్ళలో తక్కువే, కాని ముట్లుడిగాక పెరుగుతుంది. మనలో చాలామందికి అంత పెద్ద గురక ఉండదు. పొద్దున్నే తలనొప్పి, ఎంత పడుకున్నా తీరని అలసట, నిద్రపట్టకపోవడం ఉంటాయి. ఇంటిచాకిరీ అనుకుని ఊరుకుంటాం. ఆడది గురక పెడితే నామోషీ అని నోరు విప్పం. పక్కన విని చెప్పే మనిషి లేని ఒంటరివారి సంగతి మరీ కష్టం.

నేటి నిద్ర వైద్యుల ప్రశ్నల్లో, నిద్రలో మీ ఊపిరి ఆగడం ఎవరైనా గమనించారా అనేది ఒకటి. ఆ 'ఎవరైనా' మీరే అయితే, నవ్వుతో సరిపెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. మీ గురించి ఇంట్లో ఎవరైనా అలా చెబితే, కోపం తెచ్చుకోకుండా వినండి.