నలభై కిలోబైట్ల మాయాబజార్

సూపర్ మారియో బ్రదర్స్‌లో ఆకాశంలో తేలే మేఘం, నేల మీది పొద రెండూ ఒకటే బొమ్మ. తెలుపు రంగు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. 1985 సెప్టెంబరులో జపాన్‌లో విడుదలైన ఈ ఆట మొత్తం బరువు 40 కిలోబైట్లు. బొమ్మలు, సంగీతం, ముప్పై రెండు లెవెల్స్ అన్నీ కలిపి అంతే. ఇప్పుడు పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ గులాబీ అంతకంటే బరువుంటుంది. షిగెరు మియామోటో, తకాషి తెజుకాల బృందం పొద కోసం విడిగా ఇంకో బొమ్మ పెట్టి జాగా ఖర్చు చేయదల్చుకోలేదు. ఏళ్ల తరబడి ఆడినవాళ్లలో కూడా చాలామంది ఈ సంగతి గమనించలేదు. ఎవరైనా చెప్పాక మాత్రం ఆ పొదని చూస్తే మేఘమే కనిపిస్తుంది.

ఆ ఆట ఆడిన యంత్రాన్ని నింటెండో 1983 జులైలో ఫామికామ్ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత దానికి పుట్టిన నకళ్లకి లెక్కలేదు. తొంభైల్లో మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని పొన్నూరు, బాపట్ల, చీరాల లాంటి ఊళ్లకి చేరినవి ఎక్కువగా ఆ నకళ్లే. వాటిని ‘టీవీ గేమ్’ అనేవాళ్లు. అందులో పెట్టే కార్ట్రిడ్జ్ పేరు ‘క్యాసెట్’. బొమ్మ రాకపోతే క్యాసెట్ బయటికి తీసి, అడుగున నోటితో ఊది, మళ్లీ పెట్టేవాళ్లు. కొనే స్తోమత లేనివాళ్లకి వీడియో గేమ్ షాపు ఉండేది: ఒక గది, రెండు మూడు టీవీలు, కుర్చీల్లో ఆడేవాళ్లు, కుర్చీల వెనక నిలబడ్డవాళ్లు. అరగంటకి ఇంత, గంటకి ఇంత అని లెక్క. జేబులో డబ్బులున్నవాడు ఆడేవాడు, లేనివాడు చూసేవాడు. కాబట్టి మన చిన్న ఊళ్లలో వీడియో గేమ్ అంటే చాలామందికి ముందు చూసిన సంగతి, ఆ తర్వాతే ఆడిన సంగతి. అలా చూసిన వింతల్ని ఎవరో తెగ ఆలోచించి, తంటాలుపడి చేశారన్న ఊహ అప్పట్లో ఎవరికీ ఉండేది కాదు. వాళ్లెవరో, ఎలా చేశారో ఇప్పటికైనా చెప్పుకోవాలి.

*

రంగులతోనే మొదలుపెడదాం. 1978లో తొమోహిరో నిషికాదో తయారుచేసిన స్పేస్ ఇన్వేడర్స్ నిజానికి బ్లాక్ అండ్ వైట్ ఆట. జపాన్‌లో తొలి యంత్రాల తెర మీద రంగు సెల్లోఫేన్ పట్టీలు అంటించారు. గ్రహాంతర సైన్యం ఒక పట్టీ దాటి ఇంకో పట్టీ కిందకి దిగితే రంగు మారేది. ఇది మనకేం కొత్త కాదు. ఎనభైల్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు పైన నీలం, కింద పచ్చ ఉండే ప్లాస్టిక్ షీటు తగిలించుకున్న ఇళ్లు ఎన్నో. వార్తలు చదివే ఆవిడ నుదురు నీలంగా, చీర పచ్చగా కనిపించినా కలర్ టీవీ చూస్తున్న తృప్తి ఉండేది.

అదే ఆటలో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. నిషికాదో ముందే అనుకుని పెట్టింది కాదది. తెర నిండా శత్రువులుంటే ప్రాసెసర్ అందరినీ గీయలేక నెమ్మదించేది. చచ్చేకొద్దీ దాని పని తేలికై, బతికున్నవాళ్లు పరుగెత్తేవాళ్లు. ఆయన దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశాడు. ఆట చివర్లో గుండె దడదడలాడటానికి కారణం ఆ చేతకాని ప్రాసెసరే.

మారియోలో ప్రశ్నార్థకం గుర్తున్న పెట్టె మెరుస్తూ ఉంటుంది కదా. అక్కడ బొమ్మ మారదు. ఆ బొమ్మ వాడుకునే రంగుల పట్టికలో ఒక గడిని మాత్రం వంతులవారీగా మారుస్తుంటారు. దీన్ని పాలెట్ సైక్లింగ్ అంటారు. ఒక్క విలువ మార్చితే తెర మీదున్న అలాంటి పెట్టెలన్నీ ఒకేసారి మెరుస్తాయి. మారియో నక్షత్రాన్ని పట్టుకున్నాక ఒళ్లంతా రంగులు మారడం కూడా ఇలాంటి కిటుకే. తర్వాతి ఆటల్లో జలపాతాలు దూకిందీ, లావా కుతకుతలాడిందీ చాలాచోట్ల ఇలాగే. నీళ్లు కదలవు, నీళ్ల రంగులు వంతు మార్చుకుంటాయి.

దీనికి మా వైపు ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో నిలబెట్టే విద్యుత్ ప్రభల్ని చూడండి. ప్రభ మీద చక్రం తిరుగుతుంది, పువ్వు విచ్చుకుంటుంది, రంగు కిందనుంచి పైదాకా పాకుతుంది. బల్బు మాత్రం ఒక్కటీ తన చోటు వదలదు. వెలుగూ చీకటీ ఒకదాని వెంట ఒకటి నడుస్తుంటాయి, కదలికని మన కన్ను కల్పించుకుంటుంది. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు మెరిసే పెట్టెని టీవీలో చూడకముందే ఆ విద్య మొత్తాన్నీ తిరునాళ్లలో నాన్న భుజాల మీద కూర్చుని చూసేశారు.

*

ఇక కాంట్రా. తుపాకీ గుళ్లు, శత్రువులు ఎక్కువైనప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి. క్యాసెట్ పాడైందనో, కరెంటు తక్కువ వస్తోందనో అనుకునేవాళ్లు. అసలు కారణం వేరే ఉంది. ఆ యంత్రం తెర మొత్తం మీద 64 కదిలే ముక్కల్ని మాత్రమే గీయగలదు. వీటినే స్ప్రైట్లు అంటారు. పాత టీవీ బొమ్మని అడ్డగీతలుగా గీస్తుంది కదా, అలాంటి ఒక్క గీత మీద ఎనిమిదికి మించి స్ప్రైట్లు పట్టవు. తొమ్మిదోది మాయమైపోతుంది. మరి మాయమయ్యేది శత్రువు పేల్చిన గుండైతే? ఆడేవాడు కనపడని గుండుకి చస్తాడు. అందుకని ప్రోగ్రామర్లు ఫ్రేముకోసారి వరస మార్చేవాళ్లు. ఇప్పుడు ఇది పోతే మరుక్షణం అది పోతుంది, ఏదీ పూర్తిగా పోదు. నష్టాన్ని అందరికీ సమానంగా పంచిన ఏర్పాటే ఆ మిణుకు.

పెద్ద రాక్షసుడు వచ్చినప్పుడు వెనక అంతా నల్లగా అయిపోవడం చూసే ఉంటారు. 1988లో వచ్చిన మెగా మ్యాన్ 2లోని డ్రాగన్ ఇందుకు మంచి ఉదాహరణ. అంత పెద్ద ఒంటిని స్ప్రైట్లతో గీయడం కుదరదు. కాబట్టి డ్రాగన్‌ని గోడలూ నేలా గీసే వెనక పొర మీదే గీసి, ఆ పొరనే అటూఇటూ జరుపుతారు. అసలు బ్యాక్‌గ్రౌండ్‌కి ఇక చోటుండదు, మిగిలేది చీకటి. చూసేవాళ్లకి మాత్రం డ్రాగన్ రాగానే లోకం చీకటైపోయినట్టే ఉంటుంది.

మారియోలో లోకమంతా ఎడమకి జరుగుతున్నా పైన స్కోరు కదలదు. దానికోసం స్కోరు దగ్గరుండే చిన్న నాణెం బొమ్మ అడుగున ఒక స్ప్రైట్‌ని కాపలా పెట్టారు. టీవీ కిరణం గీతలు గీసుకుంటూ అక్కడికి వచ్చిందని తెలియగానే ప్రోగ్రాం కింది భాగాన్ని పక్కకి జరుపుతుంది. సెకనుకి అరవైసార్లు ఇదే పని. 1990లో వచ్చిన సూపర్ ఫామికామ్ ఇంకా ముందుకెళ్లింది. దాని మోడ్ 7 పద్ధతిలో ఒక బల్లపరుపు బొమ్మని ఒక్కో గీతకీ ఒక్కో కొలతలో సాగదీస్తే, ఎఫ్-జీరోలో రోడ్డు దూరాన సన్నబడుతూ కళ్లముందు పరుచుకుంది.

కాంట్రా గురించి ఇంకొక్క మాట. జపాన్ క్యాసెట్‌లో అదనపు చిప్ ఉండటం వల్ల అడవిలో ఆకులు గాలికి ఊగుతాయి, మంచు లెవెల్లో మంచు కురుస్తుంది. అమెరికా క్యాసెట్‌లో ఇవి లేవు. మన ఊళ్లలో నకలు కొట్టినవాడి చేతికి ఏది దొరికితే అదే మనం చూసిన కాంట్రా. ఆకులు ఊగేవని ఒకడు, ఊగేవి కాదని ఒకడు వాదించుకుంటే ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

*

కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో సర్ బయటికెళ్లగానే తెరిచిన ఆట ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డాన్ మెక్నర్ దాన్ని మొదట ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రాశాడు, 1989లో విడుదలైంది. తమ్ముడు డేవిడ్ పరుగెడుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికల్ని ఫ్రేము ఫ్రేముగా దిద్దుకుని రాకుమారుణ్ణి చేశాడు. అందుకే వాడు అంచు పట్టుకుని వేలాడితే మన భుజాలు లాగేవి. అయితే ఆ కదలికలకే మెమరీ అయిపోయింది, శత్రువుని గీయడానికి చోటు మిగల్లేదు. అప్పుడు మెక్నర్ రాకుమారుడి బొమ్మనే ఒక్క బిట్ పక్కకి జరిపి దాని మీదే లెక్కగట్టి కలిపాడు. మిలమిలలాడే నీడలాంటి మనిషి వచ్చాడు. అద్దంలోంచి దూకితే రెండోవైపునుంచి బయటపడి పారిపోయే నీడ అదే. చివర్లో ఆ నీడ కత్తి దూసి ఎదురు నిలబడుతుంది. దాన్ని పొడిస్తే మన ప్రాణమే పోతుంది. కత్తి దించి దాని వైపు పరుగెడితే ఇద్దరూ ఒక్కటైపోతారు. మెమరీ లేక చేసిన ఏర్పాటు ఆ ఆట కథకే గుండెకాయ అయింది.

*

ఈ మాయల్లో సగం పని చేసింది పాత డబ్బా టీవీ. 1991లో సోనిక్ వచ్చింది. అందులో జలపాతం వెనకనుంచి సోనిక్ మసకగా కనిపిస్తాడు. నిజానికి ఆ జలపాతం నిలువు చారలు మాత్రమే, ఒకటి నీలం, ఒకటి ఖాళీ. పాత వైర్లలో, పాత తెర మీద చారలు ఒకదానిలోకి ఒకటి ఒలికి నీళ్లయ్యాయి. ఇప్పటి ఎల్‌ఈడీ తెర మీద ఎమ్యులేటర్ పెట్టి చూడండి, కిటికీ ఊచల్లా ఉంటాయి.

డక్ హంట్ గతి ఇంకా అన్యాయం. ట్రిగర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది. ప్లాస్టిక్ తుపాకీ నిజానికి ఏమీ కాల్చదు, ఆ వెలుగు తన ఎదురుగా ఉందా లేదా అని చూస్తుందంతే. పాత టీవీ గీసే వేళకి సరిపెట్టిన లెక్క అది. కొత్త టీవీలు బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి అటకమీది తుపాకీ తీసి తగిలించినా బాతు చావదు.

మాయాబజార్ దగ్గర మనకి ఇదే ప్రశ్న ఎదురైంది. 1957లో కె.వి. రెడ్డి కోసం మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెల చంద్రుడిది కాదు, ఆయన లైట్లది. నలుపుకీ తెలుపుకీ మధ్యనున్న బూడిద ఛాయల్ని లెక్కచూసి పెట్టిన వెన్నెల. 2010లో ఆ సినిమాకి రంగులద్దారు. కొత్త తరం థియేటర్‌కి వెళ్లి చూసింది, మంచిదే. కానీ బార్ట్‌లీ పనితనం తెలియాలంటే బ్లాక్ అండ్ వైట్ ప్రింటే చూడాలి. పాత ఆటలకీ అదే వర్తిస్తుంది. ఫైలు భద్రంగా ఉన్నంత మాత్రాన బొమ్మ భద్రంగా ఉన్నట్టు కాదు.

పోనీ, బార్ట్‌లీ పేరైనా మనకి తెలుసు. టైటిల్స్‌లో పడింది, తర్వాత విమర్శకులు రాశారు. ఆటల విషయంలో పేరు రెండుసార్లు పోయింది. మొదట కంపెనీలే దాచాయి. ఎనభైల్లో జపాన్ కంపెనీలు తమవాళ్లని పోటీ కంపెనీలు లాగేసుకుంటాయన్న భయంతో క్రెడిట్స్‌లో అసలు పేర్ల బదులు మారుపేర్లు వేయించేవి. అమెరికాలో అటారీ అసలు పేర్లే వేసేది కాదు. దాంతో వారెన్ రాబినెట్ 1980లో వచ్చిన అడ్వెంచర్‌లో నేల రంగులోనే కలిసిపోయే ఒక్క చుక్కని దాచాడు. దాన్ని వెతికి సరైన చోటికి మోసుకెళ్తే రహస్యపు గది తెరుచుకుంటుంది. లోపల రంగులు మారుతూ మెరిసే అక్షరాల్లో ఆయన పేరు. కనపడని చుక్క ఒక మాయ, మెరిసే పేరు ఇంకో మాయ. తన పనికి తన పేరు పెట్టుకోవడానికి ఒక మనిషి అంత కష్టపడాల్సి వచ్చింది.

రెండోసారి నకళ్లు తుడిచేశాయి. చాలా పైరేట్ క్యాసెట్లలో టైటిల్ తెర మీద కంపెనీ పేరూ సంవత్సరమూ ఎగిరిపోయాయి. పైన ‘9999 ఇన్ 1’ అని రాసి ఉంటుంది, లోపల పదో పాతికో ఆటలే రకరకాల పేర్లతో మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అలాగని నకళ్లని తిట్టడానికి మనసొప్పదు. అవే లేకపోతే పొన్నూరు పిల్లల్లో ఎక్కువమందికి మారియో ముఖమే తెలిసేది కాదు. వాటి పుణ్యాన బొమ్మలు వచ్చాయి, వాటి పాపాన పేర్లు రాలేదు.

కోటప్పకొండ ప్రభ కూడా ఊరి పేరుతోనే చలామణీ అవుతుంది. ఫలానా ఊరి ప్రభ బాగుందంటాం గానీ, ఆ చక్రం తిరిగేలా వైర్లు కలిపిన ఎలక్ట్రీషియన్ ఎవరని అడగం. వీడియో గేమ్ షాపులు పోయాయి, అక్కడ కుర్చీల వెనక నిలబడ్డవాళ్లకి ఇప్పుడు నలభై ఏళ్లు. ఏ తెర మీద ఏం చూశారో, ఆకులు ఊగాయో లేదో, క్యాసెట్ మీద ఏం రాసుందో వాళ్లు చెబితేనే తెలుస్తుంది. ఆ జ్ఞాపకాల్ని రాసిపెట్టుకోవడం మన పని. రాసేటప్పుడు నిషికాదో, తెజుకా, మెక్నర్, రాబినెట్ అని పేర్లు కూడా రాద్దాం. ఈసారి తిరునాళ్లకి వెళ్తే ప్రభ కింద జనరేటర్ పక్కన నిలబడ్డ మనిషిని కూడా పేరడుగుదాం.